సరిహద్దు దాటే పాలు, దాటని ఉత్తర్వులు

ఐర్లండు ద్వీపంలో ఉత్తరాన ఉన్న ఆరు కౌంటీలు బ్రిటన్ ఏలుబడిలో ఉన్నాయి. మిగిలిన 26 కౌంటీలు ఐర్లండు రిపబ్లిక్. ఈ రెంటి మధ్య సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. దాన్ని దాటే రోడ్లు 200కు పైనే ఉన్నాయి. ఇవాళ ఆ రోడ్ల మీద గేటు లేదు, తుపాకీ పట్టుకున్న సిపాయి లేడు. రోడ్డు పక్క బోర్డు మీద మైళ్ళు కిలోమీటర్లయితే దేశం మారిందని గుర్తు. క్లోన్స్ నుంచి కావన్ వెళ్ళే రోడ్డయితే ఉన్న కాస్త దూరంలోనే నాలుగుసార్లు సరిహద్దును దాటుతుంది.

2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చేద్దామని ఓటు వేశారు. 2020 జనవరి 31న బయటికి వచ్చారు. ఆ నాలుగేళ్ళూ ప్రపంచ పత్రికలన్నీ ఒకే ప్రశ్న అడిగాయి. ఐర్లండు సరిహద్దులో మళ్ళీ గేట్లు వస్తాయా, రావా? రాలేదు. చర్చలు జరిపినవాళ్ళు అదే తమ విజయమని చెప్పుకున్నారు. అది అబద్ధమని నేను అనను. అయితే ఏ సరిహద్దు రాలేదు, ఎవరికి రాలేదు అని అడగవలసిన బాధ్యత స్త్రీల హక్కుల గురించి మాట్లాడే మనలాంటి పత్రికల మీద ఉంది. మన ఆడపిల్లలు నర్సులుగా, చదువుకునేవాళ్ళుగా ఆ సరిహద్దుకు రెండు వైపులా బతుకుతున్నారు గనుక కూడా ఈ ప్రశ్న మనది.

ఆ గీత పుట్టుక గురించి కొంచెం చెప్పుకోవాలి. 1921లో ద్వీపాన్ని విడగొట్టారు. 1923 ఏప్రిల్ 1 నుంచి కస్టమ్స్ చౌకీలు వెలిశాయి. గీత గీసినవాళ్ళు పాత కౌంటీల హద్దులను తీసుకున్నారు. ఆ హద్దులు పొలాల మధ్య నుంచి, ఊళ్ళ మధ్య నుంచి పోతాయి. పెట్టిగో అనే ఊరిని ఒక చిన్న ఏరు రెండు దేశాలకు పంచింది. డెర్రీ నగరానికీ, దాని వెనక ఉన్న పల్లెసీమ డొనెగాల్‌కూ మధ్య హద్దు పడింది. డొనెగాల్ పేరుకు దక్షిణ దేశానిదే గానీ దాని భూభాగపు హద్దులో చాలా భాగం ఉత్తరంతోనే. మిగతా దేశంతో దానికి ఉన్నది సన్నటి పేలిక లాంటి సందు మాత్రమే. 1960ల చివర మొదలైన హింస 1998 దాకా సాగి 3,500 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రోజుల్లో సైన్యం చిన్న రోడ్లను గోతులు తవ్వి, కాంక్రీటు దిమ్మెలు పడేసి మూసేసింది. కొన్ని వంతెనలు పేల్చివేతలకు గురయ్యాయి. అఘలేన్ వంతెన 1972లో పోతే, దాని చోట మరొకటి రావడానికి 1999 దాకా పట్టింది. వంతెన లేని ఆ ఇరవై ఏడేళ్ళు అవతలి ఒడ్డున ఉన్న పుట్టింటికి చుట్టు తిరిగి వెళ్ళిన ఆడవాళ్ళ లెక్క ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండదు.

కానీ సరిహద్దు స్త్రీలకు గోడ మాత్రమే కాలేదు. ఒక్కోసారి తలుపు కూడా అయింది. యుద్ధకాలంలో రేషను ఉన్నప్పుడు దక్షిణాన టీ పొడికి కరువు, ఉత్తరాన వెన్నకు కరువు. కోట్ల కింద, పసిబిడ్డల బళ్ళలో సరుకు దాచి ఇటూ అటూ చేరవేసింది ఆడవాళ్ళే. అంతకన్నా మనకు దగ్గరి ఉదాహరణ 1971 మే 22ది. దక్షిణ ఐర్లండులో 1935 చట్టం గర్భనిరోధక సాధనాల అమ్మకాన్నీ, దిగుమతినీ నిషేధించింది. ఐరిష్ స్త్రీ విముక్తి ఉద్యమం వాళ్ళు డబ్లిన్‌లో రైలెక్కి బెల్‌ఫాస్ట్ వెళ్ళి, అక్కడ మందుల షాపుల్లో కొనుక్కుని అదే రైల్లో తిరిగి వచ్చారు. వాళ్ళలో డెర్రీలో పుట్టిన నెల్ మెకాఫర్టీ ఒకరు (ఆమె 2024లో చనిపోయారు). డాక్టరు చీటీ లేకుండా గర్భనిరోధక మాత్రలు ఇవ్వమన్నారు. అయితే ఏం, ఆస్ప్రిన్ మాత్రలు కొని, డబ్లిన్ స్టేషన్‌లో కస్టమ్స్ వాళ్ళ ముందు అవే ఆ మాత్రలన్నట్టు పైకెత్తి చూపించారు. కస్టమ్స్ వాళ్ళు ఏం చెయ్యాలో తోచక వదిలేశారు.

అర్ధ శతాబ్దం తిరిగేసరికి దిక్కు మారింది. 2018 మే 25న దక్షిణాన 66 శాతానికి పైగా ప్రజలు గర్భస్రావ నిషేధాన్ని రాజ్యాంగం నుంచి తీసేయమని ఓటు వేశారు. ఆ ఓటు వెనక మన కర్ణాటక నుంచి వెళ్ళి 2012లో గాల్వే ఆస్పత్రిలో చనిపోయిన దంతవైద్యురాలు సవిత హళప్పనవర్ ఉన్నదని మనం మరచిపోలేం. 2019 జనవరి నుంచి డబ్లిన్‌లో సేవలు మొదలైతే, ఈసారి ఉత్తరం స్త్రీలు దక్షిణం వైపు చూడవలసి వచ్చింది. ఉత్తరంలో గర్భస్రావం నేరం కాకుండా పోయింది 2019 అక్టోబరు 22న. ఒక ప్రభుత్వం కాదన్నది పక్క ప్రభుత్వం దగ్గర వెతుక్కోవడం అక్కడి స్త్రీలకు వందేళ్ళ అలవాటు. అందుకే వాళ్ళకు ఆ గీత దాటగలగడం సరదా కాదు, సౌకర్యం కూడా కాదు. బతుకుతెరువు, వైద్యం, రక్షణ అన్నీ అందులోనే ఉన్నాయి.

1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం గురించి మాట్లాడేటప్పుడు క్లింటన్, బ్లెయిర్, అహర్న్ పేర్లు చెబుతారు. మోనికా మెక్‌విలియమ్స్, పెర్ల్ సాగర్ పేర్లు చెప్పరు. చర్చలకు ప్రతినిధులను ఎన్నుకోవడానికి 1996లో ఎన్నిక పెట్టినప్పుడు, పార్టీలు ఆడవాళ్ళను నిలబెట్టడం లేదని కొందరు స్త్రీలు కొద్ది వారాలలోనే సొంతంగా ఉత్తర ఐర్లండు మహిళా కూటమిని కట్టారు. రెండు సీట్లు సంపాదించారు. ఒకరు క్యాథలిక్, ఒకరు ప్రొటెస్టెంటు. సభలో వాళ్ళు మాట్లాడుతుంటే ఆవుల్లా అరిచి ఎగతాళి చేసిన మగ సభ్యులున్నారు. అయినా రాజకీయాలలో స్త్రీలకు పూర్తి, సమాన భాగస్వామ్యం ఒక హక్కు అనే వాక్యాన్ని ఆ ఒప్పందంలో పెట్టించారు. బాధితుల గురించి, పిల్లలు కలిసి చదువుకునే బడుల గురించి మాటలు పెట్టించారు. ఉత్తరంలో 71 శాతం, దక్షిణంలో 94 శాతం ఆ ఒప్పందానికి ఓటు వేశారు. మహిళా కూటమి 2006లో మూతపడింది. ఒప్పందంతో పాటు వస్తుందన్న ఉత్తర ఐర్లండు హక్కుల చట్టం ఇప్పటికీ రాలేదు.

2016 ఓటుకు వస్తే, ఉత్తర ఐర్లండులో 55.8 శాతం యూరోపియన్ యూనియన్‌లోనే ఉందామన్నారు. సరిహద్దు మీద ఉన్న డెర్రీ నియోజకవర్గంలో 78 శాతం అదే అన్నారు. మొత్తం బ్రిటన్ లెక్కలో ఆ ఓట్లు మునిగిపోయాయి. తర్వాతి చర్చలలో ఆడవాళ్ళు లేరని అనడానికి లేదు. ప్రధానమంత్రి థెరిసా మే, ఉత్తర ఐర్లండు పార్టీ నాయకురాలు ఆర్లీన్ ఫాస్టర్, ఉత్తర ఐర్లండు శాఖ మంత్రి కారెన్ బ్రాడ్లీ ముగ్గురూ స్త్రీలే. బ్రాడ్లీ 2018లో ఒక ఇంటర్వ్యూలో, అక్కడ జాతీయవాదులు యూనియనిస్టులకు ఓటు వేయరన్న సంగతి ఆ పదవిలోకి రాకముందు తనకు తెలియదని చెప్పింది. కుర్చీలో స్త్రీ ఉండటం వేరు, సరిహద్దు పల్లెలో స్త్రీ మాట బల్ల మీదికి రావడం వేరు. 1998లో వచ్చింది ఆ రెండోది. 2016 తర్వాత రాలేదు.

మరి బల్ల మీదికి వచ్చినదేమిటి? పాలు. ఉత్తరంలో పిండే పాలలో సుమారు మూడో వంతు దక్షిణాన ఉన్న డెయిరీలకు పోతాయి. ట్యాంకరు గేటు దగ్గర ఆగితే పాలు విరుగుతాయి, రైతు నష్టపోతాడు. ఇది నిజమైన సమస్యే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. అందుకే సరుకుల విషయంలో ఉత్తర ఐర్లండు యూరోపియన్ నిబంధనల కిందే ఉండేటట్టు ఏర్పాటు చేశారు. తనిఖీలు భూమి మీద కాక ఐరిష్ సముద్రపు రేవులలో పెట్టారు. 2019లో రాసుకున్న ఈ ప్రొటోకాల్‌ను 2023 ఫిబ్రవరిలో విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ పేరుతో సవరించారు. దీంతో తమను బ్రిటన్ నుంచి విడదీశారని యూనియనిస్టులకు కోపం వచ్చింది. దాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేసేవాళ్ళున్నారు. తమను అడగకుండా ఇంకొకరు తమ ఇంటి ముందు గీత గీస్తే ఎలా ఉంటుందో ఆ ద్వీపంలో అందరికీ తెలిసినదే, ఈసారి వంతు వాళ్ళది. వాళ్ళ పార్టీ 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వాన్ని పడగొడితే 2024 ఫిబ్రవరి దాకా బెల్‌ఫాస్ట్‌లో మంత్రివర్గం లేదు. ఆ రెండేళ్ళూ బడ్జెట్లు కోత పడిన ఆస్పత్రుల్లోనూ, పిల్లల సంరక్షణ కేంద్రాల్లోనూ పనిచేసేవాళ్ళు ఎక్కువగా స్త్రీలే.

పాలు దాటాయి. మనుషుల మధ్య బంధాలకు సంబంధించిన కోర్టు కాగితాలు మాత్రం అట్లా దాటలేదు. మన పాఠకులు దీన్ని జాగ్రత్తగా గమనించాలని కోరుతున్నాను.

డెర్రీలో ఒక స్త్రీ భర్త కొడుతున్నాడని కోర్టుకు వెళ్ళి, అతను దగ్గరికి రాకూడదని ఉత్తర్వు తెచ్చుకున్నదనుకుందాం. ఆమె అమ్మ డొనెగాల్‌లో ఉంటుంది. కారులో అరగంట దారి కూడా కాదు. పిల్లలను తీసుకుని అమ్మ దగ్గరికి పోతుంది. మనం చూసే ప్రతి కేసులోనూ జరిగేది ఇదే కదా. 2015 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక నిబంధన అమలులోకి వచ్చింది. ఒక సభ్య దేశంలోని సివిల్ కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు, ఒక సర్టిఫికెట్టు తీసుకుంటే, ఇంకో సభ్య దేశంలో కొత్త కేసు వేయనక్కర లేకుండా 12 నెలల వరకు చెల్లుతుంది. బ్రిటన్, ఐర్లండు రెండూ అందులో ఉన్నాయి. 2020 డిసెంబరు 31తో మధ్యకాలపు గడువు ముగిశాక బ్రిటన్ అందులో లేకుండా పోయింది. పోతూ పోతూ బ్రిటన్ యూరప్ కోర్టుల ఉత్తర్వులను తాను గౌరవిస్తానని చట్టం చేసుకుంది. అటు నుంచి ఆ మాట రావడానికి యూరోపియన్ నిబంధనలో బయటి దేశానికి చోటు లేదు. అంటే డొనెగాల్ కోర్టు కాగితానికి డెర్రీలో దారి ఉంచారు. డెర్రీ కోర్టు కాగితం పట్టుకుని డొనెగాల్ వెళ్ళిన స్త్రీకి ఆ దారి మూసుకుపోయింది. ఆమె అక్కడ మళ్ళీ వకీలును వెతుక్కుని, జరిగినదంతా మళ్ళీ చెప్పుకుని, కొత్త ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ లోపు భర్త అదే రోడ్డు మీద, ఎవరూ ఆపని రోడ్డు మీద వచ్చేయవచ్చు. గేట్లు లేకపోవడం అతనికీ వర్తిస్తుంది.

మన 2005 గృహహింస చట్టం 27వ సెక్షన్‌లో ఒక చిన్న వాక్యం ఉంది. ఈ చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా అమలవుతుందని. కరీంనగర్ ఉత్తర్వు కర్నూలులో చెల్లుతుందా అని మనం ఎన్నడూ భయపడకపోవడానికి కారణం ఆ వాక్యమే. మన దగ్గర ఆ ఉత్తర్వును పోలీసులు పట్టించుకుంటారా అన్నది వేరే బాధ, దాని గురించి ఈ పేజీల్లోనే ఎన్నోసార్లు రాసుకున్నాం.

విచిత్రమేమిటంటే రెండు వైపులా చట్టాలు దగ్గరికే వస్తున్నాయి. కొట్టకుండానే భార్యను గుప్పిట్లో పెట్టుకునే పద్ధతులను, అంటే డబ్బు చేతికివ్వకపోవడం, ఫోను చూడటం, ఎక్కడికీ పోనివ్వకపోవడం వంటివాటిని, దక్షిణాన 2019 జనవరి నుంచి, ఉత్తరాన 2022 ఫిబ్రవరి నుంచి నేరంగా గుర్తిస్తున్నారు. చట్టం రెండుచోట్లా ఉంది. వాటి మధ్య వంతెనే లేదు. భరణానికీ, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగువులకీ కూడా యూరోపియన్ దారి పోయింది. హేగ్ ఒప్పందాల దారి మిగిలింది గనుక పూర్తిగా చీకటి కాదు. కానీ అది అలవాటైన దారికన్నా చుట్టు దారి. ఇంకో హేగ్ ఒప్పందం ప్రకారం 2025 జులై 1 నుంచి బ్రిటన్ కోర్టుల తీర్పులను యూరప్ దేశాలు గుర్తిస్తాయి. సివిల్, వ్యాపార తగాదాల తీర్పులను మాత్రమే. కుటుంబ వ్యవహారాలు అందులో మినహాయింపు.

ఇక మనుషుల సంగతి. ఉభయ దేశాల పౌరులకు 1920ల నుంచీ ఒక ఉమ్మడి ప్రయాణ ఏర్పాటు ఉంది. బ్రిటిష్ లేదా ఐరిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఇటు ఉండి అటు పని చేసుకోవచ్చు. బ్రెగ్జిట్ దాన్ని తాకలేదు. తాకినది తక్కినవాళ్ళను. రోజూ సరిహద్దు దాటి పనికి పోయేవాళ్ళు ఇరవై, ముప్పై వేల మంది ఉంటారని అంచనా. అందులో పోలండు, లిథువేనియాల నుంచి వచ్చి మాంసం ఫ్యాక్టరీల్లో, హోటళ్ళలో, ముసలివాళ్ళ ఆశ్రమాల్లో పనిచేసే స్త్రీలున్నారు. 2020 ముగిసేలోగా అటు పనిలో ఉన్నవాళ్ళకు పర్మిట్ ఇచ్చారు. ఆ తర్వాత డొనెగాల్‌లో ఉంటున్న పోలిష్ స్త్రీ డెర్రీలో కొత్తగా ఆయా ఉద్యోగం చూసుకోవాలంటే బ్రిటన్ వీసా కావాలి. ఆమె పక్కింటి ఐరిష్ స్త్రీకి అక్కరలేదు. ఇద్దరూ ఒకే బస్టాపులో నిలబడతారు.

మన దేశం వాళ్ళ సంగతి వేరు. కేరళ నర్సులు ఐర్లండు ఆస్పత్రులను మోస్తున్నారన్నది అతిశయోక్తి కాదు, మన తెలుగు పిల్లలు కూడా వెళుతున్నారు. ఐర్లండు ప్రభుత్వం ఇచ్చిన నివాస కార్డు చేతిలో ఉన్నా భారతీయ పౌరురాలికి ఉత్తర ఐర్లండులో అడుగు పెట్టాలంటే బ్రిటన్ వీసా కావాలి. డెర్రీలో పనిచేసే భారతీయ నర్సు డొనెగాల్ సముద్రం చూడాలంటే ఐర్లండు వీసా కావాలి. ఇది బ్రెగ్జిట్ పుట్టించిన నిబంధన కాదు, అంతకు ముందు నుంచీ ఉన్నదే. కానీ సరిహద్దు లేకుండా చేశామని గొప్పగా చెప్పుకున్న ఇన్ని చర్చల్లో దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఫలితం ఎట్లా ఉంటుందంటే, డొనెగాల్ రోగులకు రేడియేషన్ వైద్యం కోసం డెర్రీలోని ఆల్ట్‌నగెల్విన్ ఆస్పత్రిలో రెండు ప్రభుత్వాలూ కలిసి క్యాన్సర్ కేంద్రం పెట్టాయి. ఎంతో మంచి ఏర్పాటు. లెటర్‌కెన్నీ ఆస్పత్రిలో అందరికీ సేవ చేసే భారతీయ నర్సుకే ఆ జబ్బు వస్తే, వీసా లేకుండా ఆ ముప్పై అయిదు కిలోమీటర్లు దాటలేదు. గాల్వే దాకా 200 కిలోమీటర్లు దాటి పోవాలి.

భర్త వీసా మీద ఆధారపడి వచ్చిన స్త్రీ పరిస్థితి ఇంకా కష్టం. దగ్గరలోని ఆశ్రయ గృహం గీతకు అవతల ఉండవచ్చు, అక్కడ తన భాష మాట్లాడే మనిషి ఉండవచ్చు. పోతే చట్టాన్ని ఉల్లంఘించినట్టు. చౌకీలు లేవు గదా, ఎవరు చూస్తారు అంటారేమో. బెల్‌ఫాస్ట్, డబ్లిన్ మధ్య బస్సుల్లోకి అధికారులు ఎక్కి కాగితాలు అడుగుతారు. రంగు చూసి, మొహం చూసి మనుషులను ఎంచి అడుగుతున్నారని అక్కడి హక్కుల సంఘాలు ఏళ్ళ తరబడి ఫిర్యాదు చేస్తున్నాయి. 2024లో బ్రిటన్ శరణార్థులను రువాండాకు పంపుతామని బెదిరించినప్పుడు ఎందరో ఉత్తరం మీదుగా డబ్లిన్ చేరారు. శరణు కోరేవారిలో 80 శాతానికి పైగా ఆ దారిన వచ్చారని ఐర్లండు న్యాయశాఖ మంత్రి ప్రకటించారు. ఆ ఏడాది జులైలో రువాండా పథకం రద్దయింది. బస్సులో అడగడం ఆగలేదు. తెల్లవాళ్ళకు కనపడని సరిహద్దు నల్లవాళ్ళకు, మనలాంటి చామనఛాయ వాళ్ళకు కనపడుతూనే ఉంది.

ఒప్పందంలో మంచి ఏమీ లేదని చెబితే అన్యాయమవుతుంది. విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ రెండో ఆర్టికల్ ప్రకారం, 1998 ఒప్పందం ఇచ్చిన హక్కులు బ్రెగ్జిట్ కారణంగా తగ్గడానికి వీలులేదు. స్త్రీ పురుష సమానత్వం, జాతి వివక్ష వంటి విషయాలకు సంబంధించిన ఆరు యూరోపియన్ ఆదేశాలను అందులో పేరు పెట్టి చేర్చారు. దీన్ని ఆధారం చేసుకుని 2024లో బెల్‌ఫాస్ట్ హైకోర్టు రెండుసార్లు లండన్ చట్టాలకు అడ్డు చెప్పింది. మొదటిది హింస కాలపు హంతకులకు మినహాయింపు ఇచ్చే చట్టం విషయంలో, రెండోది మే నెలలో వలసదారుల మీద తెచ్చిన చట్టం విషయంలో. ఆ ఆర్టికల్ పరిధి ఎంతన్న వాదన సుప్రీంకోర్టు దాకా పోయింది. మహిళా సంఘాలు దాన్ని గట్టిగా పట్టుకున్నాయి, పట్టుకోవాలి కూడా.

ఆ సంఘాలకు జరిగినది కూడా చెప్పాలి. పేటల్లోని మహిళా కేంద్రాలకు, పిల్లల సంరక్షణకు, చదువు ఆపేసిన ఆడవాళ్ళకు పని నేర్పడానికి యూరోపియన్ సోషల్ ఫండ్ ఎన్నో ఏళ్ళు ఆధారమైంది. 2023 మార్చి 31న అది ఆగిపోయింది. మార్చి 31 అంటే ఏమిటో స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనకు వేరే చెప్పనక్కర లేదు. బ్రిటన్ తెచ్చిన కొత్త నిధి పాతదాని చోటు నింపలేదని ఆ సంఘాలు అంటున్నాయి. రెండు మతాల ఆడవాళ్ళు భయం లేకుండా కలిసి కూర్చునే గదులు ఆ ఊళ్ళలో ఎన్నో లేవు. ఉన్నవాటికి అద్దె కట్టింది ఈ డబ్బే. శాంతి కోసం 1995 నుంచీ వస్తున్న వేరే యూరోపియన్ నిధి మాత్రం బ్రిటన్ వాటా కూడా కలుపుకుని కొనసాగుతోంది.

2024 డిసెంబరు 10న ఉత్తర ఐర్లండు శాసనసభలో సరుకుల ఏర్పాటు కొనసాగాలా వద్దా అని ఓటు జరిగింది. 48 మంది కొనసాగాలన్నారు, 36 మంది వద్దన్నారు. యూనియనిస్టులు ఒప్పుకోలేదు గనుక ఎనిమిదేళ్ళకు కాక నాలుగేళ్ళకే, 2028లో మళ్ళీ ఓటు పెట్టాలి. మళ్ళీ ట్యాంకర్ల గురించి, రేవుల గురించి, సాసేజ్‌ల గురించి రాస్తారు. బెల్‌ఫాస్ట్, డబ్లిన్ ప్రభుత్వాలు ఒకరి రక్షణ ఉత్తర్వును ఇంకొకరు గుర్తించడానికీ, ఒకవైపు నివాస కార్డు ఉన్న మనిషి ఆస్పత్రికో ఆశ్రయ గృహానికో అవతలికి పోయి రావడానికీ ఆ ఓటు దాకా ఆగవలసిన పని లేదు.

ఈలోగా మీ జిల్లాల నుంచి నర్సింగుకో, చదువుకో ఐర్లండు వెళ్ళే ఆడపిల్లలకు, పెళ్ళి చేసుకుని వెళ్ళేవాళ్ళకు ఒక సంగతి చెప్పండి. అక్కడ ఇచ్చే నివాస కార్డు బెల్‌ఫాస్ట్‌లో గానీ డెర్రీలో గానీ చెల్లదు. కొద్ది రోజుల సందర్శనకు ఇచ్చే వీసా మీద ఉభయ దేశాల ఉమ్మడి వీసా పథకం గుర్తు ఉంటే రెండు వైపులా తిరగవచ్చు గానీ, ఆ సౌకర్యం అక్కడ కాపురం ఉండేవాళ్ళకు లేదు. డెర్రీ వైపు వెళ్ళే బస్సు ఎక్కేటప్పుడు ఎవరూ చెప్పరు, గేటూ కనపడదు. భర్త నుంచి ప్రమాదం ఉన్న స్త్రీ అయితే, తన దగ్గరున్న ఉత్తర్వు ఏ వైపు కోర్టు ఇచ్చినదో చూసుకుని, దాటబోయే ముందే అవతలి వైపు మహిళా సంఘంతో మాట్లాడాలి.